గుండె వేగంతో క్రీడాకారుల అలసటను ఎలా కనిపెట్టాలి?

వారం వారం దూరం పెంచుకుంటూ పోతున్న ఒక పరుగు క్రీడాకారుడు ఉన్నట్టుండి మామూలు వేగాన్ని కూడా అందుకోలేకపోతే, అందుకు కారణం నిద్ర చాలకపోవడమా, రాబోయే జ్వరమా, ఇంటి దగ్గరి దిగులా, లేక శిక్షణ భారం అతని శరీరం కోలుకునే శక్తిని మించిపోయిందా అన్నది చూడగానే చెప్పడం అనుభవమున్న కోచ్‌కి కూడా కష్టమే. గుండె వేగం ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం ఇవ్వదు. అయితే దాన్ని క్రమం తప్పకుండా, ఎప్పుడూ ఒకే పద్ధతిలో కొలుస్తూ పోతే, అనుమానించవలసిన రోజు ఏదో పోటీకి చాలా ముందే తెలుస్తుంది. జిల్లా గ్రౌండ్లలో మధ్య దూరపు, దీర్ఘ దూరపు పరుగులకు, పోలీసు, సైన్యం ఎంపికల్లోని 1600 మీటర్ల పరుగుకు పిల్లలను సిద్ధం చేస్తున్న కోచ్‌లనూ, తమ శిక్షణను తామే చూసుకుంటున్నవారినీ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ఒక పరిమితిని మాత్రం మొదటే చెప్పాలి. గుండె వేగం చూపేది ప్రధానంగా గుండె, రక్తప్రసరణ, వాటిని నడిపే స్వయంచాలిత నాడీవ్యవస్థల స్థితిని. బరువులెత్తడం వల్ల, పొట్టి స్ప్రింట్ల వల్ల, కబడ్డీలో పట్టు పట్టి లాగడం వల్ల తొడ కండరాల్లో పేరుకున్న అలసట నాడిలో కనిపించకపోవచ్చు. అందువల్ల ఈ కొలతలు దూరపు పరుగు, సైక్లింగ్, ఈత, రోయింగ్ వంటి దమ్ము ప్రధానమైన క్రీడల్లో ఎక్కువ ఉపయోగపడతాయి. మిగతా క్రీడల్లో వీటితోపాటు నిలువు జంప్ ఎత్తు వంటి మరో కొలత కూడా ఉండాలి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

ఒక్కొక్కరికీ ఒక నోట్‌బుక్, ఒక స్టాప్‌వాచ్, ఒక విజిల్, వంద మీటర్లకొకటి చొప్పున పెట్టడానికి నాలుగు కోన్లు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. వీలైతే ఛాతీకి కట్టే హార్ట్ రేట్ పట్టీని ఒకటి కొని, జట్టులో వంతులవారీగా వాడండి. చేతి గడియారాలు చర్మంపై కాంతిని ప్రసరింపజేసి రక్తప్రవాహాన్ని బట్టి వేగాన్ని అంచనా వేస్తాయి కాబట్టి నిద్రలో, విశ్రాంతిలో అవి బాగానే పనిచేసినా, చెయ్యి ఊపుతూ పరిగెత్తేటప్పుడు, ముఖ్యంగా వేగం ఒక్కసారిగా మారే ఇంటర్వెల్ ప్రాక్టీసులో, తప్పు అంకెలు చూపించే అవకాశం ఎక్కువ. ఛాతీ పట్టీ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. దాని లోపలి వైపు ఎలక్ట్రోడ్లను నీటితో తడిపి, రొమ్ము కింద జారకుండా బిగించాలి. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేవరకు అది కూడా నమ్మదగినది కాదు.

ఉదయం నాడి

మొదటి కొలత నిద్రలేవగానే తీసుకునేది. లేచాక మూత్రవిసర్జన చేసి వచ్చి, మళ్ళీ వెల్లకిలా పడుకుని, రెండు మూడు నిమిషాలు మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా ఉండి, ఆ తర్వాత నాడి లెక్కపెట్టమని చెప్పండి. టీ, కాఫీ దీని తర్వాతే. బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద, చూపుడు వేలు, మధ్య వేలు ఆనించి చూడటం మంచిది. మెడ దగ్గర చూసే అలవాటున్నవారు ఒక వైపే, మెల్లగా ఆనించాలి. అక్కడ గట్టిగా నొక్కితే గుండె వేగం దానంతటదే తగ్గుతుంది.

లెక్కపెట్టవలసింది పూర్తిగా 60 సెకన్లు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసే పద్ధతి తేలికే అయినా, అందులో ఒక్క కొట్టుకోవడం అటూ ఇటూ అయితే నిమిషానికి 4 తేడా వస్తుంది. మనం వెతుకుతున్న మార్పు అయిదు మాత్రమే అయినప్పుడు ఆ పద్ధతి దేనికీ పనికిరాదు. హాస్టళ్ళలో ఇంకొక చిక్కు ఉంది: ఒకరి అంకె చూసి ఇంకొకరు రాసేస్తారు. ఒక నోట్‌బుక్‌లో వరుసగా పది రోజులు 60 అని ఉంటే, ఆ పది రోజులూ ఎవరూ నాడి పట్టుకోలేదని అర్థం.

తర్వాతి పని ప్రతి ఒక్కరికీ సొంత సగటును కట్టడం. శిక్షణ తేలికగా నడుస్తున్న, జ్వరం, జలుబు లేని రెండు వారాలను ఎంచుకుని ప్రతి ఉదయం కొలవండి. ఒక క్రీడాకారుడికి 14 రోజులు వరుసగా 54, 52, 55, 53, 54, 56, 53, 52, 54, 55, 53, 54, 57, 54 వచ్చాయనుకుందాం. వీటి మొత్తం 756, సగటు 54. ఏ కారణమూ లేకుండానే అతని నాడి 52 నుంచి 57 దాకా ఊగుతోందన్న సంగతి ఇక్కడ సగటుకన్నా ముఖ్యమైనది. అందువల్ల ఒకరోజు 57 వచ్చిందని కంగారుపడనక్కరలేదు. సగటుకన్నా 5 లేదా అంతకుమించి ఎక్కువ, అంటే 59కి తగ్గకుండా, రెండు మూడు రోజులు వరుసగా వస్తే అప్పుడు కారణం వెతకాలి. పక్కనే పడుకున్న స్నేహితుడి సగటు 46 ఉండవచ్చు, ఇంకొకరిది 66 ఉండవచ్చు; వాళ్ళ అంకెలకూ ఇతని అలసటకూ ఏ సంబంధమూ లేదు.

నాడి పెరగడానికి శిక్షణ ఒక్కటే కారణం కాదని గుర్తుంచుకుని, అంకె పక్కన ఆ రోజు పరిస్థితిని కూడా రాయించండి. ఒంట్లో వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి నిమిషానికి సుమారు 10 దాకా పెరుగుతుంది కాబట్టి, జ్వరం బయటపడకముందే నాడి దాన్ని చెప్పడం మామూలే. నిద్ర తగ్గడం, రాత్రి ఆలస్యంగా ఎక్కువగా తినడం, మద్యం, నీళ్ళు చాలకపోవడం, పరీక్షల దిగులు, ఇవన్నీ పెంచుతాయి. ఊటీ వంటి 2,240 మీటర్ల ఎత్తున్న చోటికి శిబిరానికి తీసుకువెళితే మొదటి కొన్ని రోజులు అందరికీ పెరుగుతుంది. ఆడపిల్లల్లో నెలసరికి ముందున్న రెండు వారాల్లో నాడి కొద్దిగా ఎక్కువగా ఉండటం సహజం కనుక, వారి సగటును కనీసం ఒక పూర్తి నెలసరి చక్రం మీద కట్టి, ఈ నెలలోని రోజును పోయిన నెలలోని అదే దశతో పోల్చాలి.

రక్తహీనత సంగతి వేరే చెప్పాలి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. నాడి వారాల తరబడి ఎక్కువగా ఉండి, తేలిక పరుగుకే ఆయాసం వస్తున్న అమ్మాయి విషయంలో శిక్షణ ఎక్కువైందని తీర్మానించే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

గ్రౌండులో అయిదు నిమిషాలు

రెండవ కొలత, నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది, స్థిరమైన వేగంతో పరిగెత్తేటప్పుడు గుండె ఎంత కొట్టుకుంటోందన్నది. దీనికి పరీక్ష అన్న పేరు పెట్టనక్కరలేదు. వారానికి ఒకసారి వార్మప్‌లో భాగంగా చేయించవచ్చు. 400 మీటర్ల ట్రాక్ లోపలి లేనులో వంద మీటర్లకొక కోన్ పెట్టి, ప్రతి 30 సెకన్లకు విజిల్ వేయండి. విజిల్ పడేసరికి కోన్ దగ్గర ఉండేలా పరిగెత్తితే అది గంటకు 12 కిలోమీటర్ల వేగం. అయిదు నిమిషాల్లో సరిగ్గా రెండున్నర రౌండ్లు, అంటే 1000 మీటర్లు పూర్తవుతాయి. కొత్తవారికి విజిల్‌ను 40 సెకన్లకొకసారి వేస్తే గంటకు 9 కిలోమీటర్లు అవుతుంది. ఎవరికైనా సరే, పరుగు ముగిసేసరికి కష్టమైనా ఒకటి రెండు మాటలు మాట్లాడగలిగే వేగాన్ని ఎంచుకుని, సీజన్ అంతా దాన్ని మార్చకుండా ఉంచాలి.

గుండె వేగం కుదురుకోవడానికి మొదటి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి పట్టీ చూపిన అంకెల్లో చివరి నిమిషం సగటును మాత్రమే రాసుకోండి. పట్టీ లేకపోతే ఆగిన వెంటనే పది కొట్టుకోవడాలకు ఎంత సమయం పడుతుందో స్టాప్‌వాచ్‌తో కొలవాలి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు: వాచీ నొక్కినప్పటి కొట్టుకోవడాన్ని ఒకటి అని కాకుండా సున్నా అని లెక్కపెట్టాలి. 600ను వచ్చిన సెకన్లతో భాగిస్తే నిమిషానికి గుండె వేగం వస్తుంది, 4.0 సెకన్లయితే 150, 3.8 సెకన్లయితే సుమారు 158. సెకనులో పదోవంతు తేడాకు 4 వరకు తప్పు వస్తుందని దీన్నిబట్టే తెలుస్తోంది కాబట్టి, చేతి లెక్కతో పెద్ద మార్పులనే నమ్మండి.

ఆరోగ్యంగా, అలసట లేకుండా ఉన్నప్పుడు కూడా ఈ అంకె రోజుకూ రోజుకూ సుమారు 3 శాతం మారుతుంది. 160 దగ్గర అది 5 అవుతుంది. అంతకు లోపలి తేడాల్లో అర్థం వెతకవద్దు. పోల్చుకునే రెండు రోజులూ ఒకేలా ఉండాలి: వారంలో అదే రోజు, ముందురోజు తేలిక ప్రాక్టీసో విశ్రాంతో, అదే సమయం, అదే ట్రాక్. మన దగ్గర వేడిని తప్పనిసరిగా రాయాలి. ఫిబ్రవరి తెల్లవారుజామున రామగుండంలో తీసుకున్న అంకెను మే నెలలో అక్కడే ఏడున్నరకు తీసుకున్న అంకెతో పోల్చి పిల్లవాడు వెనకబడ్డాడనడం అన్యాయం. ఎండలో రక్తం చర్మం వైపు మళ్ళడం వల్ల, చెమటతో నీరు పోవడం వల్ల అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. శరీర బరువులో ఒక్క శాతం నీరు పోయినా నిమిషానికి సుమారు 3 పెరుగుతుంది. ఎండకు అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఆ తర్వాత అంకె మళ్ళీ దిగుతుంది.

పరుగు ఆగిన క్షణం నుంచి మూడవ కొలత మొదలవుతుంది. అప్పటికప్పుడు కూర్చోబెట్టి, మాట్లాడించకుండా, నీళ్ళు తాగనివ్వకుండా, సరిగ్గా 60 సెకన్ల తర్వాత గుండె వేగం చూడండి. చివరన 158 ఉండి నిమిషం తర్వాత 120 ఉంటే తగ్గుదల 38. ఒక వారం కూర్చోబెట్టి, మరో వారం నిలబెట్టి కొలిస్తే ఆ రెండు అంకెలనూ పోల్చకూడదు. దీనికి పట్టీ దాదాపు తప్పనిసరి, ఎందుకంటే గుండె వేగం జారిపోతున్నప్పుడు వేళ్ళతో లెక్కపెట్టేలోపే అది మారిపోతుంది.

కొట్టుకోవడాల మధ్య వ్యవధి

ఛాతీ పట్టీ, ఫోన్ యాప్ ఉన్నవారు హెచ్‌ఆర్‌వీని, అంటే కొట్టుకోవడాల మధ్య వ్యవధిలోని హెచ్చుతగ్గులను కూడా చూడవచ్చు. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె కచ్చితంగా సెకనుకొకసారి కొట్టుకోదు; ఊపిరి పీల్చినప్పుడు కొంచెం త్వరగా, వదిలినప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకుంటుంది. శరీరాన్ని విశ్రాంతి వైపు నడిపే పారాసింపథెటిక్ నాడులు చురుగ్గా ఉన్నకొద్దీ ఈ హెచ్చుతగ్గులు పెరుగుతాయి. యాప్‌లు చూపే రకరకాల అంకెల్లో ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ (ఒక వ్యవధికీ దాని తర్వాతి వ్యవధికీ తేడా ఎంత ఉంటోందో చూపే అంకె) అనేదాన్ని గానీ దాని లాగరిథమ్‌ను గానీ తీసుకుని మిగతావాటిని వదిలేయండి. ఉదయం లేచాక ఒక నిమిషం కుదురుకుని, మరో నిమిషం కొలిస్తే చాలు. నాడి 50కన్నా తక్కువ ఉండే బాగా శిక్షణ పొందినవారు పడుకుని కాకుండా కూర్చుని లేదా నిలబడి కొలవడం మంచిది. పడుకున్నప్పుడు వారి పారాసింపథెటిక్ ప్రభావం గరిష్ఠానికి చేరిపోయి, మార్పులు అంకెలో కనిపించవు.

హెచ్‌ఆర్‌వీ ఒక్కరోజు అంకె దాదాపు నిరర్థకం. ఏడు రోజుల సగటును ముందుకు జరుపుతూ పోవాలి, వారంలో కనీసం మూడు నుంచి అయిదు ఉదయాలు కొలత ఉండాలి. యాప్ ఇచ్చే “ఈ రోజు మీరు సిద్ధం”, “ఈ రోజు విశ్రాంతి” వంటి రంగురంగుల తీర్పులను పట్టించుకోవద్దని నా సలహా. ఆ తీర్పుకు నిన్నటి ప్రాక్టీసు ఏమిటో, ఎల్లుండి పోటీ ఉందో లేదో తెలియదు.

అంకెల పక్కన రాయవలసినవి

గుండె వేగం ఎంత జాగ్రత్తగా కొలిచినా, శిక్షణ భారం, క్రీడాకారుడి మాట పక్కన లేకపోతే దాన్ని చదవలేరు. ప్రాక్టీసు ముగిసిన అరగంట తర్వాత, మొత్తం మీద ఎంత కష్టంగా అనిపించిందో 0 నుంచి 10 వరకు ఒక అంకె చెప్పమని అడిగి, దాన్ని నిమిషాలతో హెచ్చవేయండి. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది: 60 నిమిషాల ప్రాక్టీసు కష్టం 5 అయితే భారం 300. వారం మొత్తాన్ని కూడితే భారం ఎక్కడ ఒక్కసారిగా ఎగిరిందో కనిపిస్తుంది. అయిదు నిమిషాల పరుగుకు కూడా ఇలాగే కష్టం అంకె అడగండి. దీనితోపాటు నిద్ర ఎన్ని గంటలు, కాళ్ళు ఎలా ఉన్నాయి, ఆకలి ఉందా అన్న మూడు ప్రశ్నలు చాలు. పది ప్రశ్నలు పెడితే నాలుగో రోజు నుంచి అబద్ధాలు రాస్తారు.

అంకెలను కలిపి చదవడం

ఇందాకటి క్రీడాకారుడినే తీసుకుందాం. 12 కిలోమీటర్ల వేగంలో అతనికి మామూలుగా చివరి నిమిషం 158, కష్టం 4, నిమిషంలో తగ్గుదల 38. దూరం పెంచిన వారం తర్వాత 166, కష్టం 6, తగ్గుదల 29 వచ్చి, ఉదయం నాడి కూడా మూడు రోజులుగా 60 చుట్టూ ఉంటే దాన్ని చదవడం సులువు: వేడి, జ్వరం, నీళ్ళలేమి కాదని తేల్చుకున్నాక అలసట పేరుకుందని అనుకోవచ్చు. భారం పెంచిన తొలి ఒకటి రెండు వారాల్లో ఎక్కువగా కనిపించేది ఈ రూపమే.

కష్టమైనది రెండవ రూపం. కొన్ని వారాలు భారీగా పరిగెత్తించిన తర్వాత అదే క్రీడాకారుడికి చివరి నిమిషం 150, తగ్గుదల 44 వస్తాయి, ఉదయం నాడి 52 ఉంటుంది, హెచ్‌ఆర్‌వీ పెరుగుతుంది. గుండె వేగం ఒక్కటే చూసే కోచ్ సంతోషించి మరింత భారం వేస్తాడు. కానీ కష్టం ఎంత అని అడిగితే ఆ కుర్రవాడు 7 అంటాడు. ఇంటర్వెల్స్‌లో ఎంత తన్నుకున్నా ఇదివరకు 190 దాటే గుండె వేగం 180 దగ్గరే ఆగిపోతుంది, టైమింగ్ పడిపోతుంది, కాళ్ళు బరువుగా ఉన్నాయంటాడు. ఇది ఫిట్‌నెస్ కాదు. దీర్ఘ దూరపు క్రీడాకారుల్లో భారం మితిమీరినప్పుడు పారాసింపథెటిక్ ప్రభావం పెరిగి గుండె వేగం అణిగిపోవడం పరిశోధనల్లో స్పష్టంగా కనిపించింది. నిజంగా ఫిట్‌నెస్ పెరిగి ఉంటే అదే వేగానికి గుండె వేగంతోపాటు కష్టం అంకె కూడా తగ్గాలి, పరుగు టైమింగ్ మెరుగుపడాలి. గుండె వేగం తగ్గి కష్టం పెరిగితే అలసటనే అనుమానించండి.

నాడి మరీ నిదానించడానికి ఇంకో కారణం తిండి చాలకపోవడం. బరువు తగ్గాలని అన్నం మానేసి రోజూ పదేసి కిలోమీటర్లు పరిగెత్తే అమ్మాయిలో నెలసరి ఆగిపోయి, నాడి బాగా తగ్గితే అది గొప్ప క్రీడాకారిణి గుండె అనుకోకూడదు. శరీరానికి అందే శక్తి చాలని ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. దానికి మందు ప్రాక్టీసు తగ్గించడం ఒక్కటే కాదు, తిండి పెంచడం, డాక్టరును కలవడం కూడా.

చేయవలసిన మార్పు

ఒకే ఒక అంకె మారి, క్రీడాకారుడు బాగానే ఉన్నానంటే, టైమింగ్ కూడా నిలకడగా ఉంటే, ప్రణాళిక మార్చకుండా మర్నాడు మళ్ళీ కొలవండి. ఒక కొలత మారి, కష్టం అంకె కూడా పెరిగితే ఆ రోజు ఇంటర్వెల్స్ తీసేసి తేలిక పరుగు పెట్టండి; ఉదయం హెచ్‌ఆర్‌వీని బట్టి కఠినమైన రోజును వెనక్కి జరపడాన్ని ఫిన్లాండ్ పరిశోధకులు 2007లోనే ప్రయత్నించి, ముందే గీసిన పట్టిక ప్రకారం చేయించిన శిక్షణకన్నా మెరుగైన ఫలితం చూశారు. రెండు మూడు కొలతలు, క్రీడాకారుడి మాట, పడిపోయిన టైమింగ్ అన్నీ ఒకే వైపు చూపిస్తుంటే రెండు మూడు రోజులు పూర్తి విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాత వారం రోజులు దూరాన్ని సగానికి తగ్గించండి.

కొద్ది రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు వారాల్లో, కోలుకుని మునుపటికన్నా బాగా పరిగెత్తితే అది శిక్షణలో కావాలని తెచ్చుకునే అలసట కిందికే వస్తుంది, దానికి భయపడనక్కరలేదు. వారాలు, నెలలు పడితే హద్దు దాటినట్టు. ఐరోపా, అమెరికా క్రీడావైద్య సంఘాలు 2013లో కలిసి ఇచ్చిన ప్రకటన ప్రకారం నెలల తరబడి పనితీరు తిరిగి రాకపోతే, ఇతర జబ్బులేవీ లేవని తేల్చిన తర్వాతే దాన్ని ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్ అనాలి. అంటే ఆ పేరు పెట్టవలసింది డాక్టరు, నోట్‌బుక్ కాదు.

ఛాతీలో నొప్పి, పరిగెత్తుతుండగా స్పృహ తప్పడం, గుండె దడదడలాడి లయ తప్పినట్టు అనిపించడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉండటం, వీటిలో ఏది ఉన్నా కొలతలు, లెక్కలు ఆపి, ప్రాక్టీసు మాన్పించి, గుండె డాక్టరు దగ్గరికి పంపండి. జ్వరం ఉన్నవారిచేత అయిదు నిమిషాల పరుగు చేయించకండి.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు ముందు తేలిక పరుగులు, ఉదయం నాడి తన సగటు హద్దులోకి వచ్చి నాలుగైదు రోజులు నిలిచాక అయిదు నిమిషాల పరుగు, అందులో గుండె వేగం, కష్టం రెండూ మామూలుకు వచ్చాక ఒక ఇంటర్వెల్ ప్రాక్టీసు, ఈ వరుస పాటించండి. గాయం వల్లో, పరీక్షల వల్లో నెలకు మించి శిక్షణ ఆగితే పాత సగటు పనికిరాదు. అంతకాలం పరుగు లేకపోతే నాడి, పరుగులోని గుండె వేగం రెండూ పెరుగుతాయి కాబట్టి, పాత అంకెలతో పోలిస్తే అలసట లేనివాడికి కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. నోట్‌బుక్‌లో ఆ పేజీని కొట్టేసి, మళ్ళీ 14 ఉదయాల అంకెలతో కొత్త సగటు కట్టండి.